వెనుదిరిగే ధైర్యం

శ్రావణమాసం వచ్చేసరికి ఆదిలాబాదు ప్రాంతంలోని వాగులకు జీవం వస్తుంది. నాలుగు దినాలు ముసురు పట్టినదంటే చాలు, నిన్నటిదాకా బండ్లూ బస్సులూ అవలీలగా దాటిపోయిన రోడ్‌డాం మీదుగా ఎర్రని నీరు పరవళ్లు తొక్కుతుంది. అట్టి వేళ ఒక బస్సు వాగు ఒడ్డుకు వచ్చి ఆగినదనుకొందాము. లోపల నలభైమంది ఉన్నారు. ఒకాయనకు కోర్టు వాయిదా. ఒక తల్లి కూతురి పురుటికని పోతున్నది. ఒక పిల్లవానికి మరునాడు పరీక్ష. డ్రైవరు ఇంజను ఆపి నీటివైపు చూస్తున్నాడు. వెనుకనుంచి ఒక గొంతు వినిపిస్తుంది: "మోకాళ్ల లోతే గదనే అన్నా, పోనియ్యి!" మరొక గొంతు: "నిన్న ఇంతకన్న ఎక్కువ నీళ్లున్నప్పుడే దాటిండ్రు." ఇంకొక గొంతు: "ఇప్పుడే జీపు పోయింది. మనదింత పెద్ద బండాయె!"

ఆ క్షణంలో డ్రైవరు తూచవలసినది నీటి లోతు ఒక్కటే. కాని అతడు నీటి లోతుతోపాటు ఆ గొంతులను కూడా తూచవలసి వస్తుంది. ఒక్కొక్కసారి గొంతుల బరువే ఎక్కువవుతుంది.

నేటి నా ప్రసంగ విషయం బస్సు కాదు, విమానం. వాతావరణం బాగులేనప్పుడు దిగవలెనా, మానవలెనా అని విమానచోదకుడు నిర్ణయించుకొనే తీరును గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను. అయినా వాగు ఒడ్డున ఆగిన డ్రైవరుతోనే ప్రారంభించడానికి కారణం ఉన్నది. ఇద్దరి కష్టమూ ఒక జాతిదే. ఒక్క భేదం మాత్రం ఉన్నది. డ్రైవరు బండి దిగి, నీటిలో కర్ర పెట్టి చూడవచ్చును. ఊరివారిని అడగవచ్చును. సాయంత్రందాకా కూర్చుండవచ్చును. విమానం ఆకాశంలో ఆగదు. ఆలోచించే ప్రతి నిమిషానికీ ఇంధనం ఖర్చవుతూనే ఉంటుంది.

నేలమీద ఉన్న మనకు మబ్బు చల్లని వస్తువు. వాన తెచ్చే చుట్టము. మబ్బులోనికి ప్రవేశించిన పైలట్‌కు అది తెల్లని గోడ. నేల కనబడదు, ఆకాశం కనబడదు, ఆ రెండూ కలిసే దిగంతరేఖ కనబడదు. కన్ను పనిచేయనప్పుడు శరీరం చెవిని నమ్ముతుంది. మన లోపలి చెవిలో ద్రవంతో నిండిన సన్నని నాళాలున్నవి. తల తిరిగినదీ లేనిదీ చెప్పేవి అవే. కాని అవి తిరగడం మొదలైనప్పుడు మాత్రమే చెప్పగలవు. విమానం ఒకే విధంగా కొంతసేపు వంపు తిరుగుతూ పోయినట్లయితే ఆ ద్రవం కుదుటపడి, తిన్నగానే పోతున్నామని అబద్ధం చెబుతుంది. అప్పుడు వంపును సరిదిద్దితే, ఎదుటి దిక్కుకు ఒరిగిపోతున్నట్లు భ్రమ కలుగుతుంది. ఆ భ్రమను నమ్మినవాడు విమానాన్ని మళ్లీ పాత వంపులోనికే తీసుకొని పోతాడు.

1954లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఈ విషయంమీద ఒక పరీక్ష జరిపినారు. పరికరాల ఆధారంతో విమానం నడపడం నేర్వని 20 మంది పైలట్లను తీసుకొని, వారికి బయటి దృశ్యం కనబడకుండా చేసి, పక్కన శిక్షకుని కూర్చుండబెట్టి పంపినారు. ఇరువదిమందీ అదుపు తప్పినారు. ఒకనికి 20 సెకండ్లే పట్టినది. అందరికన్న ఎక్కువసేపు నిలిచినవాడు 480 సెకండ్లు నిలిచినాడు. సగటున 178 సెకండ్లు, అంటే మూడు నిమిషాలకు రెండు సెకండ్లు తక్కువ. నేను ఈ ప్రసంగంలో ఇంతవరకు మాట్లాడిన కాలం అంతకన్న ఎక్కువే.

ఆ పరీక్షకు రెండవ భాగం ఉన్నది. చాలామంది దానిని మరచిపోతారు. ఆ పైలట్లకే తరువాత, మబ్బులో చిక్కుకొన్నప్పుడు పరికరాలను చూస్తూ మెల్లగా వచ్చిన దారికే విమానాన్ని మళ్లించే పద్ధతిని నేర్పినారు. కొద్ది గంటల శిక్షణతో దాదాపు ప్రతి ప్రయత్నంలోనూ వారు క్షేమంగా వెనుకకు రాగలిగినారు. వెనుదిరగడం పిరికితనం కాదనీ, నేర్వదగిన విద్య అనీ ఆనాడే తేలినది.

పెద్ద విమానాశ్రయాలలో ఈ విద్యను ఒక నియమంగా మార్చినారు. రన్‌వేనుంచి వచ్చే రేడియో కిరణాలను పట్టుకొని విమానం మబ్బులోనుంచి కిందికి దిగుతుంది. సాధారణ పద్ధతిలో నేలకు 200 అడుగుల ఎత్తున ఒక గీత ఉన్నది. దానికి నిర్ణయ ఎత్తు అని పేరు. అక్కడికి చేరేసరికి రన్‌వే గాని దాని దీపాలు గాని కనబడినవా, దిగవచ్చును. కనబడలేదా, మారుమాట లేకుండా ఇంజనుకు బలమిచ్చి పైకి లేచిపోవలెను. ఈ నియమంలోని గొప్పతనం అంకెలో లేదు. "ఇంకొక్క యాభై అడుగులు దిగితే కనబడుతుందేమో" అనే ఆశతో మనస్సు బేరమాడడానికి వీలులేకుండా, కలత లేని వేళ, నేలమీద కూర్చున్నప్పుడే నిర్ణయాన్ని చేసిపెట్టుకోవడంలో ఉన్నది.

మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో ఇట్టి సదుపాయం లేదు. రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో సిమెంటు కర్మాగారం కోసం ఏర్పడిన మైదానానికి 1980 దశకంలో వాయుదూత్ విమానాలు కొంతకాలం వచ్చేవి. ఆదిలాబాదులో నిజాం కాలంనాటి మైదానం ఉన్నది. మనవైపు ఆకాశమార్గాన వచ్చే పెద్దలు సాధారణంగా హెలికాప్టరులో వచ్చి, ఏ కళాశాల మైదానంలోనో దిగుతారు. సున్నంతో ఒక వలయం గీసి నడుమ 'హెచ్' అక్షరం వ్రాస్తారు. గాలివాటం తెలియడానికి పొగ పెడతారు. అగ్నిమాపక శకటాన్ని నిలుపుతారు. అంతవరకు అంతా బాగానే ఉన్నది. కాని మబ్బు ఎంత ఎత్తున ఉన్నదో చెప్పే పరికరం అక్కడ ఉండదు. రేడియో కిరణమూ ఉండదు. పైలట్‌కు తన కన్నే దిక్కు. నిర్మల్ ఘాట్ రోడ్డుమీద వానకాలపు ఉదయాన ప్రయాణం చేసినవారికి, గుట్టలమీద మొగులు ఎంత కిందికి దిగివస్తుందో నేను వేరుగా చెప్పనక్కరలేదు. కింద రోడ్డు కనబడుతున్నది గదా అని పోయేవానికి ఎదురుగా మబ్బు వెనుక గుట్ట ఉండవచ్చును.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పుకోవలెను. పదిహేనేండ్ల కిందటి మాట. వానకాలంలో ఒక సభావిశేషాలను రికార్డు చేయడానికి కరీంనగరు వైపు పోయి, మైదానం అంచున వేలాది జనంతోపాటు నిలబడినాను. అతిథి రావలసిన వేళ దాటి రెండు గంటలైనది. చిరుజల్లు ఆగడంలేదు. చివరకు హెలికాప్టరు చప్పుడు వినిపించినది. ఒకసారి చుట్టు తిరిగినది. మబ్బుల సందున క్షణకాలం కనబడినది. తరువాత చప్పుడు సన్నగిల్లి, హైదరాబాదు దిక్కున కలిసిపోయినది. "ఇంత దూరమొచ్చి దిగకుండ పోతడా?" అని జనమంతా విసుక్కొన్నారు. దాచడమెందుకు, నేనూ విసుక్కొన్నాను. తడిసిన చొక్కాతో తిరుగుబాట పట్టి, ఆ పైలట్‌ను దారిపొడుగునా తూలనాడినాను. ఆయన ఆనాడు ఎందరిని క్షేమంగా ఇల్లు చేర్చినాడో ఆలోచించే బుద్ధి నాకు అప్పుడు కలుగలేదు. విమాన ప్రమాదాల విచారణ నివేదికలు చదవడం మొదలుపెట్టిన తరువాతనే కలిగినది.

ఆ నివేదికలలో మన తెలుగువారికి సంబంధించినవి లేకపోలేదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి భీమవరంనుంచి హైదరాబాదుకు బయలుదేరిన హెలికాప్టరు, చూపు సరిగా ఆనని ఆ ఉదయాన, కైకలూరు సమీపంలో ఒక చేపల చెరువులో కూలిపోయినది. అందులోని ముగ్గురూ మరణించినారు. 2008 ఆగస్టు 3న, నడివానకాలంలో, హైదరాబాదునుంచి ఛత్తీస్‌గఢ్ వైపు నలుగురితో బయలుదేరిన మరొక హెలికాప్టరు గోదావరి ఆవలి అడవులలో అదృశ్యమైనది. దాని శకలాలు నవంబరులోగాని కనబడలేదు.

ఆ మరుసటి యేడు, 2009 సెప్టెంబరు 2న జరిగినది మనకందరికీ తెలిసినదే. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమాన్ని ప్రారంభించడానికి ఉదయం 8 గంటల 38 నిమిషాలకు బేగంపేటనుంచి బయలుదేరినారు. నల్లమల మీదుగా పోతుండగా సంబంధాలు తెగిపోయినవి. మరునాడు ఉదయం పావురాలగుట్టమీద శకలాలు కనుగొన్నారు. ముఖ్యమంత్రి, ఇద్దరు అధికారులు, ఇద్దరు పైలట్లు, మొత్తం ఐదుగురు అసువులు బాసినారు. విచారణ సంఘం తేల్చిన విషయం గమనింపదగినది. యంత్రంలో ఆయిలు ఒత్తిడికి సంబంధించిన ఒక హెచ్చరిక వెలిగినది. దానికేమి చేయవలెనో పుస్తకంలో వెదకడంలో పైలట్లిద్దరూ కొన్ని విలువైన నిమిషాలు మునిగిపోయినారు. ఆ వ్యవధిలో హెలికాప్టరు దట్టమైన మేఘాలలోనికి పోయి, కిందికి తోసే బలమైన గాలిలో చిక్కుకొన్నది. వాతావరణం చెడుతున్నా, మళ్లిపోదామనే నిర్ణయం జరుగలేదు.

ఎవరో వారిని తొందరపెట్టినారని నేను అనడంలేదు. పోయినవారు వచ్చి సమాధానం చెప్పుకోలేరు గనుక, వారిమీద తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. నేను అడిగే ప్రశ్న వేరు. ఎవరూ ఏమీ అనకపోయినా, మనిషి ఎందుకు ముందుకే పోతాడు?

దీనికి సమాధానం ఒకటి మన మనస్సులో ఉన్నది. బయలుదేరినప్పుడు వెనుకకు రావడం సులభం. సగం దారి వచ్చిన తరువాత కష్టం. గమ్యం కనుచూపుమేరకు వచ్చిన తరువాత మరీ కష్టం. ఖర్చుపెట్టిన కాలం, ఇంధనం, శ్రమ అన్నీ కలిసి ముందుకు నెట్టుతవి. ఎదుట కనబడే చెడు సూచనలు చిన్నవిగా, మంచి సూచనలు పెద్దవిగా తోస్తవి. దీనిని మన భాషలో గమ్యమోహం అనవచ్చును. మోహమన్న తరువాత అది తెలివితక్కువవానికే కలుగుతుందని లేదు. వేల గంటలు విమానం నడిపినవానికీ కలుగుతుంది. పైగా అతనికి "ఇట్టివి ఎన్ని చూడలేదు" అనే మాట తోడవుతుంది. వాగు ఒడ్డున వినబడిన "నిన్న దాటిండ్రు" అనే మాటకు అది అన్న.

రెండవ సమాధానం సంస్థలలో ఉన్నది. 2020 ఆగస్టు 7 రాత్రి దుబాయినుంచి 190 మందితో వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం కోళిక్కోడులో కొండమీది రన్‌వే దాటి లోయలో పడినది. 21 మంది మరణించినారు. వాన కురుస్తున్నది. కెప్టెను ఎదుటి అద్దంమీద నీరు తుడిచే సాధనం సరిగా పనిచేయలేదు. మొదటిసారి దిగడానికి ప్రయత్నించి మానుకొని పైకి లేచినాడు. అంతవరకు సరియైన పనే. రెండవసారి ఎదుటి దిక్కునుంచి, వెనుకనుంచి గాలి తోస్తుండగా దిగినాడు. 8,858 అడుగుల రన్‌వేలో 4,438 అడుగులు గడచిన తరువాతగాని చక్రాలు నేలకు తాకలేదు. పక్కనున్న సహ పైలట్ మళ్లీ పైకి లేవవలసినదిగా చెప్పినా, ఆ మాట చెల్లలేదు. ఇంతకూ విచారణలో తేలిన మరొక సంగతి ఏమిటంటే, మరునాటి ఉదయం కోళిక్కోడునుంచి బయలుదేరే విమానాన్ని నడపవలసినది ఆ కెప్టెనే. ఆ స్థావరంలో కెప్టెన్లు చాలినంతమంది లేరు. ఆ రాత్రి వేరొక ఊరిలో దిగి ఉంటే, విధిగా తీసుకోవలసిన విశ్రాంతి కారణంగా ఉదయపు విమానం ఆగిపోయేది. ఎవరూ ఆయనను దిగుమని ఆజ్ఞాపించలేదు. గోడకు వ్రేలాడే డ్యూటీ పట్టికే ఆ పని చేసినది.

మూడవ సమాధానం వెనుక కూర్చున్నవారిలో ఉన్నది. 2008 ఆగస్టులో జార్జియా దేశంలో యుద్ధం జరుగుతుండగా పోలండు అధ్యక్షుడు కచిన్‌స్కీ ఆ దేశ రాజధాని త్బిలిసికి ప్రయాణమైనాడు. అక్కడ దిగడం క్షేమం కాదని పైలట్ నిరాకరించి, పొరుగు దేశమైన అజర్‌బైజానులో విమానాన్ని దింపినాడు. అధ్యక్షుడు మిగిలిన దారి కారులో పోవలసి వచ్చినది. ఆ పైలట్‌కు పతకమూ లభించినది, పెద్దలనుంచి నిందా లభించినది. ఆనాడు ఆయన పక్కన సహ పైలట్‌గా కూర్చున్న అధికారి, 2010 ఏప్రిల్ 10న అదే అధ్యక్షుని విమానానికి కెప్టెను. రష్యాలోని స్మొలెన్స్క్‌లో దట్టమైన పొగమంచు. విమానం నేల కానక చెట్లకు తగిలి కూలినది. అందులోని 96 మందీ మరణించినారు. నిర్ణయం తీసుకొనేవేళ ఆ కెప్టెను మనస్సులో ఏమి మెదలినదో ఎవరూ చెప్పలేరు. కాని వెనుకకు మళ్లినవానికి నిందపడడం ఆయన కళ్లారా చూచినాడన్నది మాత్రం నిజం.

ఇక మన సీమకు వద్దాము. 2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద మనం మరువదగినది కాదు. 18 గేట్ల కడెం ప్రాజెక్టుకు దాని తాహతుకు మించి, దాదాపు 5 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చి, కట్ట నిలుస్తుందో నిలవదో అని జనం ఊళ్లు విడిచినారు. ఆ రోజులలోనే చెన్నూరు ప్రాంతంలో వరద నడుమ చిక్కుకొన్న ఇద్దరిని వాయుసేన హెలికాప్టరు వచ్చి రక్షించినది. మబ్బున్నదని ఎన్నడూ ఎగురరాదని నేను చెప్పడంలేదని శ్రోతలు గ్రహింపవలెను. ప్రాణం కాపాడడానికి సాహసించవలసిన రోజులున్నవి. అయితే అవసరం ఎంత పెద్దదైనా మబ్బు పలుచబడదు. అందుచేతనే విదేశాలలో రోగులను తరలించే హెలికాప్టరు సేవలు కొన్నింటిలో ఒక పద్ధతి పాటిస్తారు. రోగి ఎవరు, ఎంత ప్రమాదంలో ఉన్నారు అన్న సంగతి పైలట్‌కు చెప్పరు. ఫలానా చోటికి పోవలెను, వాతావరణం ఇది, పోగలవా లేదా అని మాత్రమే అడుగుతారు. పసిబిడ్డ అని తెలిస్తే చేయి వణుకుతుంది. ఆ వణుకు లెక్కలోనికి రాకుండా చేసిన ఏర్పాటు అది.

అదే వరదల వేళ, జూలై 17న, ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు కడెంనుంచి భద్రాచలందాకా వరద ప్రాంతాలను ఆకాశంనుంచి చూడవలెనని కార్యక్రమం ఏర్పాటైనది. ఆ ఉదయం వాతావరణం అనుకూలించలేదు. పర్యటనను మానుకోలేదు, హెలికాప్టరును మానుకొన్నారు. హనుమకొండనుంచి ఏటూరునాగారం మీదుగా రోడ్డు మార్గాన భద్రాచలం చేరినారు. పత్రికలలో అదొక చిన్న వాక్యం. ఏమీ జరుగని రోజుకు శీర్షిక ఉండదు గదా! కాని నా లెక్కలో, పైన చెప్పిన ప్రమాదాలన్నింటికన్న మనం జ్ఞాపకం ఉంచుకోవలసిన వాక్యం అదే. మరొక దారి సిద్ధంగా ఉన్నది కనుక "ఇప్పుడు వద్దు" అనే మాట చెల్లినది.

కనుక చేయదగినవి మూడు పనులు కనబడుతున్నవి. మొదటిది, ఎంత మబ్బున్నప్పుడు మానుకోవలెనో బయలుదేరకముందే వ్రాసి ఉంచుకోవడం. గాలిలో బేరం పెట్టుకోరాదు. రెండవది, పోదామనడానికి అందరూ ఒప్పుకోవలెను గాని, వద్దనడానికి ఒక్కని మాట చాలుననే కట్టుబాటు. ఆ ఒక్కడు వయస్సులో చిన్నవాడైనా, హోదాలో తక్కువవాడైనా సరే. మూడవది, మళ్లిన పైలట్‌ను సంజాయిషీ అడుగకపోవడం. దిగకుండా పైకి లేచిన విమానానికి ఖర్చయ్యే ఇంధనం అతి చవక అయినదని సంస్థలు గుర్తింపవలెను.

ఈ మూడూ పైలట్లూ, సంస్థలూ చేయవలసినవి. మన వంతు పని ఒకటి మిగిలి ఉన్నది. మైదానం అంచున నిలబడేది మనము. "జనం ఎదురుచూస్తున్నారు, ఎట్లాగైనా రండి" అని ఫోను చేసేది మనలో ఒకరు. ఆలస్యమైతే గుసగుసలాడేది మనము. ఈసారి వానకాలంలో మీ ఊరి మైదానంమీద హెలికాప్టరు ఒక చుట్టు తిరిగి మళ్లిపోయినట్లయితే, ఒక్క క్షణం ఆగి, లోపలివారు ఇల్లు చేరుతున్నారు గదా అని సంతోషించండి. వాగు ఒడ్డున బస్సు ఆపిన డ్రైవరుకైనా అంతే. "మంచి పని చేసినవు తమ్మీ, నీళ్లు తగ్గినంక పోదాం" అనే గొంతు ఆ నలభైమందిలో ఒకటి లేచినదంటే, ఆ నీటి లోతును అతడు సరిగా తూచగలుగుతాడు. ఆ గొంతు మీదే కావచ్చును.